ఆరడుగుల మడి

ఆ ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో నన్ను ఇంజను దింపి ఇంట్లో కూర్చోబెట్టారు. శిక్షేమీ కాదు. మూడు నెలల విశ్రాంతి అవసరమని రాసిన కాగితం మీద డాక్టరమ్మ సంతకం పెట్టి ఇచ్చింది. నేను రైలు డ్రైవర్ని. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నా బండి కింద ఒక మనిషి పోవడం అదే మొదటిసారి. మా షెడ్డులో అందరికంటే పెద్ద డ్రైవరు నన్ను పక్కకి పిలిచి, తనకి ఇప్పటికి నలుగురయ్యారనీ, నేనింకా నయమనీ చెప్పాడు. ఓదార్పుకే అన్నాడు. కానీ ఆ నలుగురూ ఆయన వెనకాల నిలబడి ఉన్నట్టనిపించి, నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

జరిగింది ఇంతే. మిట్టమధ్యాహ్నం. బండి వంపు తిరిగి తిన్నటి దారిలో పడింది. పట్టాల మధ్య ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. హారన్ మీద ఒక చెయ్యి, బ్రేకు మీద ఒక చెయ్యి వాటంతటవే వెళ్ళాయి. అంత వేగంలో ఉన్న బండి ఆగాలంటే అర కిలోమీటరు పైన కావాలి. మా మధ్య అందులో సగం కూడా లేదు. ఆయనకి హారన్ వినబడింది. తల ఎత్తాడు. కళ్ళద్దాలు తీశాడు. అవి ఒక్కసారి ఎండకి తళుక్కుమన్నాయి. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. అప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను.

నా పక్కనున్న అసిస్టెంటు తలొంచుకుని పుస్తకంలో స్టేషను టైము రాసుకుంటున్నాడు. వంపు దగ్గర కొట్టే మామూలు హారనే అనుకుని, అతను తల ఎత్తేసరికి అంతా అయిపోయింది. కాబట్టి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. విచారణకి వచ్చిన ఆఫీసరు మంచివాడు. దాటుతున్నాడా, నిలబడి ఉన్నాడా అని అడిగి, నేను నోరు తెరవకముందే, దాటుతున్నాడనే రాద్దాం, ఆ ఇంట్లోవాళ్ళు రేపట్నుంచి బతకాలి కదా అన్నాడు. నేను సంతకం పెట్టాను. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా ఆ కాగితంలో ఉన్నదే చెప్పాను.

డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, పరిగెత్తని పని ఏదైనా చేతుల్తో చెయ్యమంది. ఆ మాట మా మామగారు పట్టుకున్నారు. ఆయన మాతోనే ఉంటారు. నలభై ఏళ్ళు తాపీపని చేసి మానేసిన మనిషి. మా ఇల్లు కట్టింది కూడా ఆయనే. పెరట్లో బట్టలుతికే బండకీ గోడకీ మధ్య ఖాళీగా పడి ఉన్న నేల చూపించి, ఇక్కడ కూరగాయలు వేద్దాం అల్లుడుగారూ అన్నారు. మొక్కల గురించి నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు.

దారం కట్టి, మట్టం పెట్టి, మేకులు దిగ్గొట్టి, ఆరడుగుల పొడవు మూడడుగుల వెడల్పు గీశారాయన. నేను తవ్వడం మొదలుపెట్టాను. మట్టి కంటే ఇటుక ముక్కలూ, గట్టిపడ్డ సిమెంటు ఉండలే ఎక్కువ వచ్చాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెత్తంతా అక్కడే పారబోయించింది తానేనని ఆయన మూడో రోజుకి ఒప్పుకున్నారు. నాలుగో రోజు సాయంత్రానికి మోకాలి లోతు గొయ్యి తయారైంది.

మా ఆవిడ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే చోట పని చేస్తుంది. బడులు తెరిచేముందు అక్కడ ఊపిరి సలపదు. ఆ వేళ చీకటిపడే ముందు వచ్చి, చెప్పులైనా విప్పకుండా పెరటి గుమ్మంలో ఆగిపోయింది. చాలాసేపు ఆ గొయ్యి వైపే చూసింది. అప్పుడు నాకూ కనిపించింది, నేను ఏ ఆకారంలో తవ్వానో. మామగారికి కూడా తెలిసినట్టుంది, మట్టం ఎత్తి చంకలో పెట్టుకున్నారు.

"కొంచెం వెడల్పు చెయ్యండి నాన్నా," అంది ఆవిడ. అంతే.

మర్నాడు వెడల్పు ఇంకో అడుగున్నర పెంచాం.

ఎక్కణ్ణుంచో నాలుగు బస్తాల ఎర్రమట్టి, రెండు బస్తాల మాగిన పెంట తెప్పించి నింపాం. చుట్టూ ఇటుకలు పేర్చి వదిలెయ్యొచ్చు. కానీ మామగారి చేతులు ఊరుకోవు. సిమెంటు కలిపి, అతుకులు పూసి, అంచులు తాపీతో నున్నగా తీర్చారు. తవ్వుతున్నప్పుడు అడుగున పాత గచ్చు తగిలిన సంగతి ఇద్దరం మరిచిపోయాం. మొదట వేసిన పాలకూర రెండాకులు తొడిగిన రోజున నేను ఉత్సాహం కొద్దీ ఆరు బక్కెట్లు పోశాను. నీళ్ళెక్కడికీ పోలేదు. మడి కాస్తా తొట్టి అయింది. పొద్దునకి మొలకలన్నీ నీళ్ళ మీద తేలుతున్నాయి. మామగారు వంగి చూసి, కట్టుబడిలో మాత్రం లోపం లేదు, చుక్క కారలేదు చూశారా అన్నారు. ఆ మూడు నెలల్లో నేను నవ్వింది అప్పుడే. నవ్వు మధ్యలో ఆ తేలుతున్నవాటి వైపు చూపు పోయి ఆగిపోయాను.

సుత్తీ ఉలీ తెచ్చి తన పనితనానికి తానే నాలుగు చిల్లులు పొడిచారు మామగారు. ఈసారి నర్సరీలో ఒకాయన్ని అడిగి బెండ, తీగ బీన్స్ విత్తనాలూ, టమాటా నారూ తెచ్చాం. బెండ గింజలు ఏవి మొలుస్తాయో ఏవి చస్తాయో తెలియక గుప్పెడు గుప్పెడు జల్లాను. అన్నీ మొలిచాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, వెలుతురు కోసం మెడలు సాచి, దారప్పోగుల్లా పెరిగాయి. నర్సరీ ఆయన చూడ్డానికి వచ్చి, జానెడుకొకటి ఉంచి మిగతావి పీకెయ్యండి, లేకపోతే ఒక్కటీ కాయదు అని చెప్పి వెళ్ళాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. పక్కపక్కనే రెండు మొక్కలు. రెంటికీ రెండేసి ఆకులు. ఒకదాని మెడ పట్టుకున్నాను. చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చే చెయ్యి నాది కాకూడదనిపించింది. రేపు చేద్దాం అనుకుని లేచాను. అలా పది రేపులు గడిచాయి. ఆకులు పసుపు తిరిగాయి.

ఒక పొద్దున లేచి వెళ్ళేసరికి మడి పల్చగా ఉంది. పీకిన మొక్కలన్నీ ఉతికే బండ మీద వరసగా, తెల్లటి వేళ్ళతో, ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకోబెట్టి ఉన్నాయి. మా ఆవిడ పనికి వెళ్ళేముందు చేసిన పని. నేను ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ కారణం అడగలేదు. మిగిలిన మొక్కలు మాత్రం వారం తిరక్కుండా కాండం గట్టిపడి, చెయ్యి వెడల్పు ఆకులేశాయి.

మా ఇద్దరి మధ్య అప్పటికే ఇంకో ముడి పడి ఉంది. ఆవిడకి సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళద్దాలు కావాలి. ఆ రోజుల్లో పని ఇంటికి కూడా తెచ్చుకునేది. సాయంత్రం వెనకగదిలో మిషను ముందు కూర్చుని కాలర్లు కుట్టేది. నేను పక్కన కుర్చీలో ఉండేవాణ్ణి. పని అయ్యాక కళ్ళద్దాలు తీసి, మడిచి, సొరుగులో పెట్టి నా వైపు తిరిగేది. ఆ క్షణానికి నేను కుర్చీలో ఉండేవాణ్ణి కాదు. కాళ్ళు వాటంతటవే పెరట్లోకి నడిచేవి. నీళ్ళ డబ్బా పట్టుకుని మడి దగ్గర నిలబడ్డాకే నాకు ఊపిరి ఆడేది.

ఒకరోజు ఆవిడ మిషను ఆపి, కళ్ళద్దాలు ఇంకా మొహం మీద ఉండగానే అడిగింది.

"నేను అద్దాలు తియ్యగానే లేచి వెళ్ళిపోతున్నారు. నా మొహం అంత చూడలేకుండా ఉందా?"

బెండకి నీళ్ళు పెట్టాలన్నాను. అంతకుముందే పెట్టానని ఆవిడకి తెలుసు. గుమ్మం పక్కన నా తడి చెప్పులు ఆవిడ కళ్ళెదుటే ఉన్నాయి. మర్నాడు వాళ్ళ నాన్న చేత మిషను ముందుగదిలోకి జరిపించుకుంది. దాన్ని లాగిన గీత వెనకగది గచ్చు మీద ఇప్పటికీ ఉంది.

మా ఇంటికి రైలు చప్పుడు వినిపిస్తుంది. నా డ్యూటీ బండి మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తుంది. హారన్ కొట్టే తీరును బట్టి ఎవరు తోలుతున్నారో చెప్పగలను. ఒకడు పొడుగ్గా లాగుతాడు, ఒకడు రెండు ముక్కలు చేస్తాడు. హారన్ మొదలవ్వగానే నేను చేతిలో పని ఆపి, చివరి బోగీ దాటేదాకా కదలకుండా ఉండేవాణ్ణి. మామగారు కూడా నాతోపాటు ఊరికే నిలబడేవారు. ఎందుకని ఏనాడూ అడగలేదు. బండి వెళ్ళాక ఇటుక ముక్కతో అంచు మీద ఏదో గీస్తూ, ఇటుకలైతే పెట్టినచోట ఉంటాయి అల్లుడుగారూ, ఈ మొక్కలు మన మాట వినవు అనేవారు.

అలా అంటూనే, బీన్స్ తీగలకి గోడ మేకుల నుంచి పురికొసలు కట్టి, ఒక్కోటీ నిటారుగా ఉందో లేదో గుండు వేలాడేసి చూశారు. తీగలు ఆయన పెట్టిన దారి వదిలేసి పక్క దారం పట్టుకుని వంకర్లు తిరుగుతూ ఎక్కాయి. బెండ పూసింది. లేతపసుపు పూలు, నడిమధ్యన నల్లటి మచ్చ. పొద్దున్నే అవి విచ్చుకుని నా వైపు తిరిగి ఉండటం చూసి, రెండు రోజులు నేను మధ్యాహ్నం అవి ముడుచుకున్నాకే పెరట్లోకి వెళ్ళాను. ఎవరితో చెప్పుకోను, పువ్వులు చూస్తున్నాయని.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం, పదకొండు గంటలప్పుడు, ఆమె వచ్చింది. మామగారు క్షవరానికి వెళ్ళారు. ఆఫీసు నుంచి ఎవరో అనుకుని మా ఆవిడ తిన్నగా పెరట్లోకి తీసుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. నేను వాలిపోతున్న టమాటా కొమ్మని కర్రకి కడుతున్నాను. ఆమె ఉతికే బండ పక్కన నిలబడి, తాను స్టేషను ఎదురుగా ఉన్న మందుల షాపులో పని చేస్తానని చెప్పింది. షెడ్డు గేటు దగ్గర మూడు రోజులు కాచుకుని, మా అసిస్టెంటు ద్వారా అడ్రసు తెలుసుకున్నానంది. ఆ తర్వాత అదే గొంతుతో, ఆ రోజు మీ బండి కింద పోయింది మా నాన్న అంది.

పురికొస నా చేతిలోనే ఉంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

తండ్రి ప్రెస్సులో ప్రూఫులు చూసేవాడట. ముప్ఫై ఏళ్ళు అదే పని. అమ్మకి ప్రమాదమని చెప్పారు, అమ్మ నమ్మింది. బంధువులూ నమ్మారు. తను కూడా నమ్మేదే, సామాన్లు తిరిగిచ్చినప్పుడు కళ్ళద్దాలు చూడకపోతే.

"ఒక అద్దం చిట్లింది. కానీ మడిచి ఉన్నాయండీ. జేబులో ఉన్నాయి. నిద్రపోయేటప్పుడు తప్ప ఆయన తియ్యడు. పట్టాలు దాటేవాడు ఎందుకు తీస్తాడు?"

నేను కాగితంలో ఉన్న మాటలే మొదలుపెట్టాను. దాటుతూ హారన్ వినిపించుకోలేదని సగం చెప్పానో లేదో ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది చదివానండీ. మీరు చూసింది చెప్పండి. నాకేది మంచిదో మీరు చూడకండి. ఆ రోజు పొద్దున ఆయన్ని నేనొక మాటన్నాను. అది నేను మొయ్యాలో వద్దో నాకు తెలియాలి."

వంటింటి గుమ్మంలో మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో ఆగిపోయి ఉంది. నేను చెప్పాను. పట్టాల మధ్య నిలబడి ఉండటం, తల ఎత్తడం, అద్దాలు తియ్యడం, మడవడం, జేబు. అన్నీ వరసగా, తొందరపడకుండా చెప్పాను. అన్ని వారాలుగా లోపల తిరిగిన మాటలు కదా, ఎక్కడా తడుముకోలేదు.

ఆమె ఏడవలేదు. ఏ చేత్తో తీశాడని అడిగింది. రెండు చేతుల్తో అన్నాను.

"అవును. రెండు చేతుల్తోనే తీస్తాడు. ఒక చేత్తో తీస్తే కాడ వంగుతుందని నన్నూ తిట్టేవాడు."

ఇక దాచడానికి ఏముందనిపించింది. ఆ తర్వాత ఆయన నా వైపు చూశాడనీ, ఆ చూపు అప్పట్నుంచీ నన్ను వదల్లేదనీ చెప్పాను. ఆమె నన్ను అప్పుడు మొదటిసారి తేరిపార చూసింది. నా గడ్డం, నా మట్టి చేతులు, ఆ టమాటా మొక్క. ఏదో అనబోయి మానుకుంది. తర్వాత అంది.

"మిమ్మల్ని చూసి ఉండడండీ. అద్దాలు తీస్తే ఆయనకి మనుషులు ఆనరు. గుమ్మంలో నేను నిలబడితే అమ్మ పేరు పెట్టి పిలిచేవాడు. ఏదో పెద్దది వస్తోందని తెలిసి ఉంటుంది. అందులో ఒక మనిషి ఉన్నాడని కనిపించి ఉండదు."

 ఇటుక అంచు మీద కూర్చున్నాను. నేను కళ్ళు మూసుకున్న సంగతి కూడా చెప్పేశాను. ఆమె నీళ్ళు తాగింది. వెళ్తానంది. మా ఆవిడకి ఏం చెయ్యాలో తోచక బీన్స్ ఒక గుప్పెడు కోసి ఆమె చేతుల్లో పెట్టింది. సంచీ తెస్తానంటే వద్దంది. దోసిట్లో బీన్స్ పట్టుకుని, వాటినే చూసుకుంటూ సందు చివరిదాకా నడిచి, మలుపు తిరిగింది.

మా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ నేనే అనుకున్నాను, నా మీద మనసు విరిగిందేమో అని, అంది. కాదన్నాను.  వీపు మీద చెయ్యి వేసింది. వెనక వసారాలో చాప మీద ఒరిగానని గుర్తు. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియదు. ఇన్నాళ్ళూ మాత్రలు వేసుకున్నా రాని, ఒళ్ళు తెలియని నిద్ర. ఆ వేళ మూడింటి బండి నాకు వినబడలేదు.

లేచేసరికి పొద్దు వాలింది. పెట్టిన కాఫీ చల్లారిపోయి ఉంది. మా ఆవిడ కొత్త కాఫీ ఇస్తూ, ఆమె మళ్ళీ వచ్చింది అని చెప్పింది. నాలుగింటప్పుడు. లోపలికి రాలేదట. గేటు అవతల నిలబడి, ఆయన ఉన్నారా, ఒక్క మాట చెప్పాలి అందట. పడుకున్నారు, లేపనా అని అడిగితే, ఎన్నాళ్ళకి పడుకున్నారు అని అడిగిందట. మూడు నెలలకి అని మా ఆవిడ చెప్పింది. అయితే లేపకండి, పడుకోనివ్వండి అని వెళ్ళిపోయిందట.

ఆ వారంలోనే మందుల షాపుకి వెళ్ళాను. ఆమె స్థానంలో వేరే అమ్మాయి ఉంది. తల్లిని తీసుకుని బంధువుల ఊరు వెళ్ళిపోయారని చెప్పింది. ఏ ఊరో తెలియదంది. నేనూ గట్టిగా అడగలేదు.

సెలవు అయిపోయి డ్యూటీలో చేరాను. మొదట గూడ్సు ఇచ్చారు, తర్వాత నా బండి నాకిచ్చారు. ఆ వంపు దగ్గర కళ్ళు తెరిచే ఉంచాను. మిషను వెనకగదిలోకి తిరిగి వచ్చింది. టమాటాలు చిన్నవే అయినా గంపెడు కాశాయి. మామగారు వాటిని సైజుల వారీగా వరసలు పేర్చి చూసుకునేవారు. ఒక సాయంత్రం అలా పేరుస్తూ, మాటల్లో మాటగా ఆ పెద్దమనిషి సంగతి వచ్చినప్పుడు, ప్రూఫులు చూసేవాళ్ళకి దగ్గర చూపు అద్దాలే కదా ఉండేది, మా అమ్మాయికి లాగా అన్నారు. అవి తీస్తేనే దూరం బాగా కనిపిస్తుంది వాళ్ళకి అని కూడా అన్నారు. ఆయన మనసులో ఏమీ లేదు. మా ఆవిడ చప్పున తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ కుట్టులోకి వంగిపోయింది.

ఆ ఆదివారం వచ్చినామె నిజమే చెప్పి ఉండొచ్చు. కూతురికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. నా గడ్డం చూసి, నా చేతులు చూసి, ఆఫీసరు వాళ్ళకోసం రాయించినట్టే ఆమె నాకోసం ఒక మాట అని ఉండొచ్చు కూడా. నాలుగింటికి అది సరిచెయ్యడానికే వచ్చిందో, పొద్దున తండ్రిని తానన్న ఆ మాటేమిటో ఎవరో ఒకరికి చెప్పుకుందామని వచ్చిందో తెలియదు.

పాదులు ఎండిపోయాక పీకేసి, మడి మళ్ళీ తవ్వి, రెండో పంటకి సిద్ధం చేసుకున్నాం. ఈసారి మొక్కలు పల్చన చేసింది నేనే. ఇంట్లో మునుపటిలా మాట్లాడుకుంటున్నాం, నవ్వుకుంటున్నాం. కానీ ఆ ఆదివారం నన్ను లేపి ఉంటే బావుండేదని నేను మా ఆవిడతో ఇంతవరకూ అనలేదు. లేపాల్సిందా అని ఆవిడా అడగలేదు.